అనుమానానికి వీసా అక్కరలేదు, సాక్ష్యానికే దారి లేదు

పొరుగు దేశాలతో భద్రతా సహకారం అనే మాట వినగానే మన వీధుల్లో ఒక భయం కదులుతుంది. సిద్దిపేటలోనైనా, హైదరాబాదు పాతబస్తీలోనైనా తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ జరిగినప్పుడు, ముందుగా తలుపు తీసి ఆధార్ కార్డు చూపవలసింది తామేనని ముస్లిం కుటుంబాలు అనుకోవటం కొత్త విషయం కాదు. ఈ భయం వల్లనే మన సముదాయంలో కొందరు ఇటువంటి ఒప్పందాలన్నీ మనకు వ్యతిరేకమైనవేనని, అవి ఎంత తక్కువగా ఉంటే అంత మేలని భావిస్తున్నారు. ఈ భావన సరైనది కాదు. సహకారం పెరగటం వల్ల మనం నష్టపోలేదు. నిజమైన సహకారం కొరవడటం వల్లనే నష్టపోయాము.

మక్కా మసీదు ఉదంతాన్నే చూడండి. 2007 మే 18న శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు మరణించారు. దర్యాప్తు తొలి రోజుల్లోనే వేలు సరిహద్దు అవతలికి, బంగ్లాదేశ్ కేంద్రంగా ఉన్న హుజీ సంస్థ వైపు మళ్ళింది. వేలు చూపింది అవతలికి. చేతులకు సంకెళ్ళు పడింది మాత్రం ఇక్కడి యువకులకు. పదుల సంఖ్యలో వారిని పట్టుకుపోయారు. కోర్టుల్లో వారిపై ఏ నేరమూ నిలబడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారికి పరిహారం చెల్లించగా, 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కూడా కొట్టివేసింది. ఎన్.ఐ.ఏ. వేరొక బృందాన్ని నిందితులుగా నిలబెట్టింది. 2018 ఏప్రిల్ 16న స్వామి అసీమానంద సహా ఐదుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. మరి ఆ తొమ్మిది మందిని చంపినది ఎవరు? చట్టం దృష్టిలో ఎవరూ కాదు.

ఇక్కడ సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌ను గుర్తు చేసుకోక తప్పదు. 2007 ఫిబ్రవరి 18 రాత్రి పానిపట్ సమీపంలో ఆ రైలులో పేలుళ్ళు జరిగి 68 మంది మరణించారు. వారిలో అత్యధికులు పాకిస్తాన్ పౌరులు. అంతకు కొద్ది నెలల ముందే, 2006 సెప్టెంబరులో, హవానాలో ఉభయ దేశాల నేతలు ఉగ్రవాద వ్యతిరేక ఉమ్మడి యంత్రాంగానికి అంగీకరించారు. పేలుళ్ళు జరిగిన మరుసటి నెలలోనే ఇస్లామాబాదులో దాని తొలి సమావేశం జరిగింది. సహకారానికి ఇంతకంటే తగిన కేసు ఉంటుందా? అయినా విచారణలో పాకిస్తాన్ సాక్షులకు దౌత్య మార్గంలో పంపిన సమన్లకు ఫలితం దక్కలేదు. తమ దేశపు సాక్షుల వాంగ్మూలాలు వినాలని మృతుని కుమార్తె వేసుకున్న పిటిషన్‌ను 2019 మార్చి 20న పంచకుల కోర్టు తోసిపుచ్చి, అదే రోజు నిందితులను విడుదల చేసింది. తగిన సాక్ష్యం లేక ఇంతటి ఘోరం శిక్షకు నోచుకోలేదని తీర్పు రాసిన న్యాయమూర్తే బాధపడ్డారు. ఒక సాక్షి వాఘా దాటి రాలేకపోయాడు. అనుమానం మాత్రం ఏ పాస్‌పోర్టూ లేకుండా మన గల్లీల దాకా వచ్చేస్తుంది.

బంగ్లాదేశ్‌తో కథ మరో తీరున సాగింది. 2013లో కుదిరిన నేరస్థుల అప్పగింత ఒప్పందాన్ని 2016లో సవరించి, నేరానికి ఆధారాలు జతచేయాలన్న నిబంధనను తొలగించారు. కోర్టు జారీ చేసిన వారెంటు ఉంటే చాలు. అంటే సాక్ష్యమే అనవసరపు భారమైపోయింది. 2025లో ఆ వారెంటు కూడా లేకుండానే బెంగాలీ మాట్లాడే కూలీలను సరిహద్దు దాటించారు. బీర్భూమ్ కుటుంబాల విషయంలో కలకత్తా హైకోర్టు ఆ చర్యను రద్దు చేసి, వారిని వెనక్కు రప్పించాలని ఆదేశించవలసి వచ్చింది. దీనిని భద్రత అనేవారు ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పాలి: దీనివల్ల ఏ నేరం ఆగింది?

నిజంగా ఆపవలసిన నేరం మన గడపలోనే ఉంది. సిద్దిపేట, సిరిసిల్ల, కరీంనగర్ ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్ళటం తరాలుగా సాగుతున్న బ్రతుకుదెరువు. ఏజెంట్లు ఇప్పుడు థాయిలాండ్, కంబోడియాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశపెడుతున్నారు. అక్కడికి చేరాక పాస్‌పోర్టు లాక్కుని, సైబర్ మోసాలు చేయించే శిబిరాల్లో బంధిస్తున్నారు. 2025 మార్చిలో మయన్మార్ శిబిరాల నుండి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను థాయిలాండ్‌లోని మేసాట్ నుండి వాయుసేన విమానాల్లో తీసుకువచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. మూడు ప్రభుత్వాలు మాట్లాడుకుంటే జరిగిన పని ఇది. ఇందులో ఎవరి మతమూ అడగలేదు. అక్కడ బంధించబడే కుర్రవాడు హిందువైనా, ముస్లిమైనా, వాని ఫోను నుండి మోసపోయేది మరో పేద కుటుంబమే.

కనుక మన సంఘాలు ఇటువంటి సహకారం వద్దని అనరాదు. దానిని సాక్ష్యాధారాల బాటలో నడిపించమని అడగాలి. విదేశంలోని సాక్షిని విచారించేందుకు అభ్యర్థన పత్రం పంపే అధికారం కోర్టులకు ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 112వ సెక్షన్ అదే. అరెస్టు చేసేవారు అందుకు కారణాలు చెప్పాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మన వకీళ్ళు ఈ రెండింటినీ ప్రతి కేసులోనూ పట్టుకోవాలి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సిద్దిపేట పోలీసు కమిషనరేట్‌కు సమాచార హక్కు చట్టం కింద రెండు ప్రశ్నలు పంపుదాం. గత ఐదేళ్ళలో కార్డన్ సెర్చ్‌లు ఎన్ని జరిగాయి, వాటిలో పట్టుబడిన కేసులు ఎన్ని కోర్టులో రుజువయ్యాయి? అదే కాలంలో రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్లపై ఎన్ని కేసులు పెట్టారు?