మన వార్డుల లెక్క ఎవరి దగ్గరుంది?

ఆచార్య రషీదుద్దీన్ ఖాన్ పేరు నేటి ముస్లిం యువతలో ఎందరికి తెలుసో చెప్పలేము. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, తరువాత ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోనూ ఆయన రాజనీతిశాస్త్రం బోధించారు. 1970 నుంచి 1982 వరకు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యులుగా ఉన్నారు. సమాఖ్య వ్యవస్థపై, భారతీయ బహుళత్వంపై గ్రంథాలు రాశారు. మాకు వాటన్నిటికంటె విలువైనదిగా తోచేది 1971లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వెలువడిన ఆయన వ్యాసం. హైదరాబాదులో ముస్లిం నాయకత్వం, ఎన్నికల రాజకీయం దాని విషయం. పోలీసు చర్యతో చెదరిపోయిన సముదాయం ఓటు ద్వారా తన గొంతును ఎలా వెదుక్కొన్నదన్న ప్రశ్నను ఆయన వేదికలపై ఉపన్యాసాలకు వదిలివేయక పరిశోధనకు తగిన విషయంగా నిలబెట్టారు.

అమెరికాలో ఇటువంటి పనిని అంతకు మూడు దశాబ్దాల ముందే రాల్ఫ్ బంచ్ చేశారు. 1934లో హార్వర్డ్ నుంచి రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ పొందిన ఆ నల్లజాతి ఆచార్యుడు, 1930ల చివర తన సహాయకులతో దక్షిణాది రాష్ట్రాలలో క్షేత్ర పరిశోధన నడిపారు. రాజ్యాంగం ఇచ్చిన ఓటు నమోదు గుమాస్తా బల్ల దగ్గర ఎలా ఆగిపోతున్నదో, తలపన్ను ఎందరిని పోలింగుకు దూరం చేస్తున్నదో కౌంటీల వారీగా రాసిపెట్టారు. ఓటుహక్కు చట్టం 1965లో గాని రాలేదు. అది వచ్చేనాటికి అన్యాయం కాగితం మీద నమోదై ఉంది.

రాయలసీమ సంగతి చూడండి. కర్నూలు, కడప ప్రాంతాలలో ఆరేడుగురికి ఒకరు ముస్లిములు. కడప శాసనసభ స్థానంలో 1994 నుంచి 2019 వరకు ఆరుసార్లు వరుసగా ముస్లిం అభ్యర్థులే గెలిచారు. వారిలో ఒకరు ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఈ పాతికేళ్ల ప్రాతినిధ్యం ముస్లిం వాడలలోని బడికి, ఆసుపత్రికి, మురుగుకాలువకు ఏమి తెచ్చింది? ఏ వర్గాలనుంచి నాయకులు వచ్చారు, ఏ వర్గాలు ఓటర్లుగానే మిగిలిపోయాయి? పాతబస్తీ గురించి రాసినంతగా మన సీమ గురించి ఎవరూ రాయలేదు. (పార్టీల వద్ద లెక్క లేదనుకోకండి. బూతు బూతుకూ ఉంటుంది. అది మనకోసం తీసిన లెక్క కాదు.)

లెక్క లేకపోతే ఏమవుతుందో అనుభవమే చెప్పింది. 2007లో బీసీ-ఇ పేరిట 14 వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన పద్ధతి శాస్త్రీయంగా లేదన్నది తీర్పులోని ప్రధానాంశాలలో ఒకటి. మన పిల్లలు నేటికీ కళాశాలలో సీటు పొందుతున్నారంటే, ఆ మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వే ఆధారం. పేదరికం కళ్లకు కనిపిస్తూనే ఉంది. న్యాయస్థానం అడిగింది దాని కొలత.

రానున్న జనగణనలో కులం కూడా నమోదు చేస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. గణకుడు వచ్చి అడిగినప్పుడు "ముస్లిం" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే బీసీ-బిలోని దూదేకుల, బీసీ-ఇలోని ఖురేషీ, అత్తరు సాయిబు, తురక కాశ వర్గాల అసలు సంఖ్య ఆ పుస్తకాలలో కనిపించదు. ఇస్లాంలో కులం లేదుగదా అని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. మసీదు వరుసలో అది నిజమే. మేము మాట్లాడుతున్నది ప్రభుత్వ రిజిస్టరు గురించి. మతం గడిలో ఇస్లాం, కులం గడిలో తమ వర్గం పేరు రాయించుకోవడంలో ఈమానుకు వచ్చే లోటేమీ లేదు.

కర్నూలులో ఉస్మానియా కళాశాల ఉంది, డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం చదివే మన అమ్మాయిలూ అబ్బాయిలూ ఈ వేసవిలో ఒక్కొక్క వార్డు తీసుకొని ఇంటింటికీ వెళ్లాలని కోరుతున్నాము: చదువు, వృత్తి, అప్పు, ఓటరు జాబితాలో పేరు. అధ్యాపకులు ప్రశ్నావళి సరిచూడాలి. జమాఅతుల పెద్దలు వారికి తలుపులు తెరిపించాలి. పంపినవారి వార్డు నివేదికలను ఈ పత్రికలో యథాతథంగా ప్రచురిస్తాము, మనవారికి రుచించనివి ఉన్నా సరే.