ల్యాబులో కంప్యూటర్ గడియారం గురించి ఒక మనవి

కృష్ణా విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, మచిలీపట్నం.

డిగ్రీ ఫిజిక్స్ ల్యాబుల్లో స్టాప్‌వాచీ బదులు కంప్యూటర్‌తో కాలం కొలిపిస్తే మంచిదే. కానీ మామూలుగా వాడే కంప్యూటర్‌ని అలాగే తెచ్చి పెడితే పని జరగదు. మీటరు ఎత్తు నుంచి వదిలిన ఇనప గుండు నేల తాకడానికి పట్టేది 0.452 సెకన్లు. సాధారణ యూఎస్‌బీ కీబోర్డు 8 మిల్లీసెకన్లకోసారి గానీ కబురు చెప్పదు. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి గానీ మారదు. ఒక్క 16 మిల్లీసెకన్లు ఎక్కువ లెక్కపడితే చాలు, 9.8 రావాల్సిన గురుత్వ త్వరణం (జి) విలువ 9.1కి దిగుతుంది. రికార్డు పుస్తకాల్లో మాత్రం అందరికీ 9.8 వస్తుంది, అది వేరే సంగతి!

గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా కాలేజీలకు ఒక సర్క్యులర్ పంపించండి. వేరే పనులు మధ్యలో దూరి కొలతని ఇంకా ఆలస్యం చేయకుండా, ప్రయోగం జరిగేంతసేపూ ఇంటర్నెట్ తీసేసి, అప్‌డేట్లు, యాంటీవైరస్ స్కాను, పవర్ సేవింగ్ ఆపమనండి. పైసా ఖర్చు లేదు.

అసలు మేలైన దారి, కొలిచే పని కంప్యూటర్‌కి వదలకపోవడం. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ రూపొందించిన ఎక్స్‌పైస్ (expEYES) పెట్టె మైక్రోసెకన్లలో తనే కొలిచి, అంకె మాత్రం కంప్యూటర్‌కి అందిస్తుంది. పాత కంప్యూటరైనా ఫర్వాలేదు. కాలేజీకి ఒకటి కొనిపించి, ముందు లెక్చరర్లకు రుద్రవరం క్యాంపస్‌లో శిక్షణ ఇప్పించండి.

ఇట్లు,
దివిసీమ నుంచి ఒక ఫిజిక్స్ అధ్యాపకుడు