చెప్పుల కాపలా ఇంకెన్నాళ్లు?

గ్రీసులోని లెస్బోస్ దీవికి వెళ్లొచ్చానని చెబితే స్నేహితురాళ్లు కొందరు ముసిముసిగా నవ్వారు. కొందరు 'సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకు, మనకి భీమిలి లేదా?' అన్నారు. ఒకావిడ మాత్రం సూటిగానే అడిగింది: 'స్త్రీవాదికి బీచ్‌లో ఏం పని? సెలవులూ సరదాలూ డబ్బున్నవాళ్ల వ్యవహారం. ఉద్యమంలో వాటికి చోటెక్కడిది?' ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

లెస్బోస్ గ్రీసుకి తూర్పు కొసన, టర్కీ తీరానికి ఎదురుగా ఉంటుంది. ముఖ్యపట్టణం మితిలిని నుంచి కొండదారిలో పడమరకి దాదాపు 90 కిలోమీటర్లు వెళ్తే స్కాలా ఎరెసోస్ అనే చిన్న ఊరు, దాని ముందు బూడిదరంగు ఇసుకతో పొడవాటి తీరం. రెండువేల ఆరువందల ఏళ్ల కిందటి కవయిత్రి సాఫో ఎరెసోస్‌లోనే పుట్టిందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఆమె కవిత్వాన్ని అలెగ్జాండ్రియా పండితులు తొమ్మిది సంపుటాలుగా కూర్చారట. ఈనాటికి పూర్తిగా మిగిలింది ఒక్క కవిత, తక్కినవన్నీ తునకలు. మన పత్రికలు తెలుగు లిపిలో రాసే 'లెస్బియన్' అన్న మాట ఈ దీవి పేరులోంచి పుట్టిందే.

అక్కడ నేను చూసింది చాలా మామూలు దృశ్యం. ఆడవాళ్లు నీళ్లలో ఉన్నారు. డెబ్భై ఏళ్లు దాటినవాళ్లు, లావుపాటివాళ్లు, చేతులు పట్టుకుని నడిచే జంటలు, క్యాన్సర్‌కి రొమ్ము తీయించుకున్న మచ్చని దాచుకోని ఒకావిడ. ఎవరూ ఎవరినీ తేరిపార చూడటం లేదు.

విశాఖలో, సూర్యలంకలో, మంగినపూడిలో నేను ఎన్నిసార్లు సముద్రానికి వెళ్లానో లెక్కలేదు. ప్రతిసారీ నా పని ఒకటే. మగవాళ్లూ పిల్లలూ అలల్లోకి ఉరుకుతుంటే ఒడ్డున కూచుని చెప్పులకీ సంచులకీ ఫోన్లకీ కాపలా కాయడం. మహా అయితే చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని పాదాలు తడుపుకోవడం. పక్కనున్న ముసలావిడ చెయ్యి పట్టుకుని మెడలోతు నీళ్లలో మొదటిసారి నిలబడ్డది నా 56వ ఏట, అదీ పరాయి దేశంలో. దాన్ని సరదా అని కొట్టేయడానికి నాకు మనసొప్పలేదు. ఇన్నేళ్లూ నన్ను ఒడ్డున కూచోబెట్టింది ఎవరు? సముద్రమైతే కాదు కదా!

అలాగని ఎరెసోస్‌ని 'స్త్రీల స్వర్గం' అంటూ అమ్ముకునే పర్యాటక వ్యాపారంతో కూడా నాకు పేచీ ఉంది. ఆ చోటు ఎవరూ దానం చెయ్యలేదు. 1970ల చివరి నుంచి యూరప్ దేశాల లెస్బియన్ స్త్రీలు సాఫో పేరు తలుచుకుంటూ ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. ఇసుకలో గుడారాలు వేసుకున్నారు. ఈసడింపులు భరించారు. అయినా ఏటేటా తిరిగి వచ్చారు, కొందరు అక్కడే ఉండిపోయారు. 2000ల మొదట్లో సెప్టెంబరు నెల స్త్రీల ఉత్సవం మొదలైంది. అంత జరిగాక కూడా 2008లో దీవివాసులు ముగ్గురు, ఒక పురుషుడూ ఇద్దరు స్త్రీలూ, 'ఆ పేరు మాది, స్వలింగప్రేమికుల సంఘం వాడటానికి వీల్లేదు' అని ఏథెన్స్‌లో కోర్టుకెక్కారు. ఆ జూలైలో కోర్టు వాళ్ల వాదనని కొట్టేసింది. పేరంటే నామోషీ, ఆ పేరు తెచ్చే రాబడి మాత్రం ముద్దు అనే ధోరణి మనకి కొత్తా? ఇంట్లో ఆడదాని చాకిరీ కావాలి, గుమ్మం ముందు పలక మీద ఆమె పేరు మాత్రం అక్కర్లేదు! గ్రీసు పార్లమెంటు స్వలింగ వివాహాలకి చట్టబద్ధత ఇచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఆ గుడారాలు వెలిసిన నలభై ఏళ్లకి పైగా గడిచాక.

పర్యాటక వ్యాపారం దాచే విషయం ఇంకొకటి ఉంది. ఇదే దీవి ఉత్తరపు ఒడ్డుకి 2015లో సిరియా, అఫ్ఘానిస్తాన్, ఇరాక్‌ల నుంచి లక్షల మంది రబ్బరు పడవల్లో వచ్చారు. వీసా ఉన్నవాళ్లు టర్కీ నుంచి ఓడ టికెట్టు కొనుక్కుని హాయిగా దాటే నీళ్లవి. వీసా లేని తల్లులు దళారులకి వెయ్యి డాలర్లూ ఆ పైనా పోసి దాటారు. కొందరు దాటలేకపోయారు. మూడు వేల మంది పట్టే మోరియా శిబిరంలో 2020 సెప్టెంబరులో అది తగలబడేనాటికి పన్నెండు వేలమందికి పైగా ఉన్నారు. రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్లాలంటేనే అక్కడి స్త్రీలు హడలిపోయేవారని హక్కుల సంఘాలు రాశాయి. నేను నిర్భయంగా నీళ్లలో నిలబడ్డ దీవి అదే. నా ధైర్యంలో నా వీసా వాటా ఎంతో నేను ఒప్పుకుని తీరాలి.

'చూశావా, అందుకే అన్నాను' అంటుందేమో నా స్నేహితురాలు. కాదు. ఎదుటివాళ్ల కష్టం చూసి మనం ఒడ్డునే కూచుంటే వాళ్లకి ఒరిగేదేముంది? ఉత్తరాన స్కాలా సికమ్నియాస్ అనే పల్లెలో 2015లో తీసిన ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. బెంచీ మీద ముగ్గురు ముసలమ్మలు. ఒకామె ఒళ్లో ఎవరో శరణార్థి తల్లి బిడ్డ, నోట్లో పాలసీసా. వాళ్లలో ఎమిలియా కంవిసి పేరుని 2016లో నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు. ఆ అమ్మమ్మల తల్లులు 1922లో టర్కీ వైపు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని ఆ దీవికి చేరినవాళ్లే. తమ తల్లులకి దొరికిన చోటు ఈ తల్లికీ దొరకాలన్నది వాళ్లకి వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఎరెసోస్‌లో గుడారాలు వేసినవాళ్లు అడిగిందీ చోటే.

కనుక తీరం మీద హక్కు అడగడం విలాసం కాదు. మన సముద్రాల దగ్గర ఆడవాళ్లకి బట్టలు మార్చుకునే గదులూ, శుభ్రమైన మరుగుదొడ్లూ, దీపాలూ, ఈత నేర్పేవాళ్లూ కావాలని పంచాయితీల్నీ ప్రభుత్వాల్నీ నిలదీద్దాం. ప్రాణభయంతో పడవెక్కిన ఏ స్త్రీనీ ఏ ఒడ్డూ వెనక్కి నెట్టకూడదని అదే గొంతుతో అందాం.

వచ్చే పండక్కి మా ఇంటిల్లిపాదీ సూర్యలంక వెళ్తున్నాం. చెప్పుల దగ్గర అందరం వంతులవారీగా కూచోవాలని ఇప్పుడే చెప్పేశాను. మొదటి వంతు మా ఆయనది.