పొడి మనకి, పనితనం వాళ్లకా?

గ్రాఫైట్ కొయ్యడం హెల్పరు పని అట! బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు షెడ్ల యజమానుల నోట తరచూ వినపడే మాట ఇది. పెన్సిలు ముల్లులో ఉండేదే కదా, మెత్తగా తెగుతుంది, దీనికి నేర్పెందుకు అంటారు. నేర్పు అక్కర్లేని పనికి జీతమూ అక్కర్లేదు, జాగ్రత్తా అక్కర్లేదు. అసలు కిటుకు ఇదే.

ఈ పని ఏంటో మొదట చూద్దాం. స్పార్క్ మిషను మీద ఉక్కు అచ్చుల్లో గుంటలు తియ్యాలంటే గ్రాఫైట్ ఎలక్ట్రోడులు కావాలి. దిమ్మెలుగా వచ్చిన గ్రాఫైట్‌ని ముందు బ్యాండ్‌సా మీద ముక్కలు చెయ్యాలి. ఆ ముక్కలు తర్వాత చల్లటి గదిలోని కంప్యూటర్ మిషను మీదికి పోతాయి. అక్కడ కూచున్నవాడు ఆపరేటరు. ఇక్కడ నల్లగా నిలబడ్డవాడు హెల్పరు. ఇద్దరినీ మీ ఊరేదని అడగండి. ఊళ్లో మీ ఇల్లు ఏ వైపని కూడా అడగండి. జవాబు మేం చెప్పక్కర్లేదు.

నిజంగా ఇది నేర్పులేని పనేనా? గ్రాఫైట్ మెత్తనే గానీ గరుకు. మామూలు ఉక్కు బ్లేడు పళ్లని చూస్తుండగానే అరగదీస్తుంది. కార్బైడ్ పళ్ల బ్లేడు గానీ, వజ్రపు రజను అతికించిన బ్లేడు గానీ అయితే నిలుస్తుంది. మొండి బ్లేడిచ్చి "గట్టిగా తొయ్యరా" అంటే కోత వంకర పోతుంది, బ్లేడు తెగుతుంది, చెయ్యి దాని మీదికి జారుతుంది. మందపాటి దిమ్మెకి పళ్లు ఎడంగా ఉన్న బ్లేడు కావాలి, లేకుంటే పళ్ల సందుల్లో పొడి కూరుకుపోతుంది. గ్రాఫైట్ పెళుసు. కోత ముగిసే చోట తోపు తగ్గించాలి, అడుగున చెక్క ఆసరా పెట్టాలి. లేదంటే అంచు పెళ్లున ఊడి ఖరీదైన ముక్క పాడవుతుంది. గుండ్రటి కడ్డీ అయితే దొర్లకుండా వీ-బ్లాకులో బిగించాలి. చివరి అంగుళాలు వేలితో కాదు, కర్రతో తొయ్యాలి. గార్డు దిమ్మెకి దగ్గరగా దించాలి. తిరిగే బ్లేడు దగ్గర చేతి తొడుగు వెయ్యకూడదు, పట్టి లాగేస్తుంది. ఇన్ని తెలిసి కోసేవాడు హెల్పరైతే పనివాడెవడయ్యా?

ఇక పొడి సంగతి. గ్రాఫైట్‌ని సాధారణంగా నీళ్లు పొయ్యకుండానే కోస్తారు. తడిస్తే సన్నటి రంధ్రాల్లోకి నీరు ఇంకుతుంది, పొడి ముద్దై మిషనుని అరగదీస్తుంది. అందుకని పొడి లేస్తుంది. అది కరెంటుని మోసుకుపోయే పొడి. మోటారులో, స్విచ్‌బోర్డులో చేరితే షార్ట్ అవుతుంది. నేల మీద పడితే కాలు జారుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో పేరుకుని న్యుమోకోనియోసిస్ తెస్తుంది. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం పెట్టిన హద్దు ప్రకారం, ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే గ్రాఫైట్ పొడి ఎనిమిది గంటల పనిలో సగటున ఘనమీటరు గాలికి 2 మిల్లీగ్రాములు దాటకూడదు. మన షెడ్లలో దాన్ని కొలిచేదెవరు?

విడ్డూరం చూడండి. కంప్యూటర్ మిషనులోకి పొడి పోతే లక్షల నష్టమని దాని చుట్టూ అద్దాల తలుపులు, పొడి లాగే గొట్టాలు పెడతారు. బ్యాండ్‌సా దగ్గరి మనిషికి మాత్రం తువ్వాలు! తువ్వాలు సన్నపొడిని ఆపదు. సాయంత్రం ఎయిర్ పైపుతో ఊది శుభ్రం చెయ్యమంటారు. నేల మీదున్నది మళ్లీ గాల్లోకి లేస్తుంది, ముక్కులోకి పోతుంది. మిషను ఊపిరికున్న విలువ మనిషి ఊపిరికి లేదు.

బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరానివాళ్లని నేత ఖాతాలోకి రానిచ్చేవాళ్లు కాదు. తెగిన దారాన్ని నోటితో తడిపి అతకాలి, వాళ్ల ఎంగిలి తగులుతుందని సాటి కార్మికులే అడ్డుపడ్డారు. ఎక్కువ కూలి వచ్చే ఖాతా అదే. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ సంగతే లేవనెత్తారు. 1936లో 'కుల నిర్మూలన'లో కులం పనిని మాత్రమే కాదు, పనివాళ్లనే విడదీస్తుందని తేల్చారు. అప్పుడు మన ఎంగిలి వాళ్ల దారానికి అంటితే మైల. ఇప్పుడు వాళ్ల పొడి మన నోట్లోకి, రొమ్ములోకి పోతే ఎవరికీ మైల లేదు!

"షాపులో కులమేంటి, అందరూ కార్మికులే" అనే యూనియన్ మిత్రులకొక ప్రశ్న. బోనసు కోసం గేటు ముందు నిలబడ్డ మీరు, పొడి లాగే గొట్టం కోసం ఎన్నిసార్లు నిలబడ్డారు? ఆ మూల నిలబడేది మీ పిల్లలైతే ఇలాగే ఊరుకునేవాళ్లా?

చట్టం లేదా అంటే ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను, పొడి పుట్టేచోటికి వీలైనంత దగ్గరగా లాగే ఏర్పాటుండాలని, ఆ చోటుని మూసి ఉంచాలని చెప్పింది. కరెంటుతో నడిచే చోట పదిమంది పనిచేస్తే ఫ్యాక్టరీ అంది. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కోడు ఆ పదిని ఇరవై చేసింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. పన్నెండు మంది, పదిహేను మంది ఉండే షెడ్డుకి ఫ్యాక్టరీ అన్న పేరే పోయింది. పేరు పోయినంత మాత్రాన పొడి పోయిందా?

"చిన్న షెడ్డు, డబ్బెక్కడిది?" అంటారు. బ్లేడు పక్కన, బల్ల కింద మూతలు పెట్టి సన్నపొడిని ఆపే ఫిల్టరున్న బ్లోయరుకి తగిలించడం కొత్త మిషను కొన్నంత ఖర్చు కాదు. అది కూడా పెట్టలేనివాడు గ్రాఫైట్ ఆర్డరు తీసుకోకూడదు. మన ఊపిరి వాడి పెట్టుబడి కాదు.

అందుకని మేం అడిగేది ఇదీ:

పొడిని పుట్టినచోటే లాగాలి. మాస్కు దాని మీద అదనమే గానీ దానికి బదులు కాదు. ఇచ్చే మాస్కు ఎన్95కి తగ్గకూడదు, ముఖానికి సందు లేకుండా అతకాలి.

ఎయిర్ పైపుతో ఊదడం ఆపాలి. అలాంటి పొడికి పనికొచ్చే వాక్యూమ్‌తోనే తియ్యాలి. మోటారు, ప్యానెలు పొడి చొరకుండా మూసి ఉండాలి.

పని బట్టలు షెడ్డులోనే విప్పి, కడుక్కుని ఇంటికి పోయే ఏర్పాటుండాలి. ఆ పొడి మన పసిపిల్లల దాకా పోకూడదు.

ఏటా ఊపిరితిత్తుల పరీక్ష యజమాని ఖర్చుతో చేయించాలి. ఆ కాగితం కార్మికుడి చేతికివ్వాలి.

బ్యాండ్‌సా మీద కోసేవాణ్ణి ఆపరేటరుగా రాయాలి, ఆపరేటరు జీతమివ్వాలి, పై మిషను నేర్పాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! గొట్టం లేని బ్యాండ్‌సా ముందు ఒంటరిగా కాదనడం కష్టం. పదిమంది కలిసి కాదంటే మిషనే ఆగుతుంది. పని మనకి బాగా తెలుసు. ఆ తెలివికి పేరు అడుగుదాం, కూలి అడుగుదాం, గాలి అడుగుదాం. జై భీమ్!