తిత్తిలో గాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో తిరునాళ్లకు పద్యనాటకం వేస్తే, స్టేజీ పక్కన ఇప్పుడు తరచుగా కనిపించేది ఎలక్ట్రానిక్ కీబోర్డే. మోసుకెళ్లడం తేలిక. నటుడి శ్రుతి ఏదైనా ఒక్క మీట నొక్కితే కుదురుతుంది. అరకొర డబ్బుతో నాటకాన్ని నిలబెడుతున్న సమాజాలను ఇందుకు తప్పుపట్టలేం. కానీ పద్యం ఎత్తుకోగానే లోటు తెలిసిపోతుంది.

ఆ లోటు గాలిది. హార్మోనియం తిత్తి నొక్కితే గాలి ఇత్తడి రీడ్లను కదిలిస్తుంది. నొక్కిన బలాన్నిబట్టి నాదం పెరుగుతుంది, తగ్గుతుంది. కృష్ణపాత్రధారి పద్యం చివర రాగం తీస్తూ పైషడ్జం మీద నిలబడినప్పుడు హార్మోనిస్టు చూపు అతని మీదే ఉంటుంది. ఇంకా ఎంత దమ్ముందో కనిపెట్టి గాలి పెంచుతాడు. నటుడు ఊపిరి పీల్చుకునే సందులో రాగం తెగకుండా తాను అందుకుంటాడు. జనం ‘వన్స్‌మోర్’ అని అరిచేది ఇద్దరికీ కలిపే.

గమకం పలకదన్న కారణంతో ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ ఆంక్ష 1971 దాకా సాగింది. మన నాటకం మాత్రం దాన్ని వదులుకోలేదు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామవిలాస సభలో పేరు తెచ్చుకున్న నటుడు స్థానం నరసింహారావు తరం నుంచీ మన పద్యానికి తోడు ఆ పెట్టే. ఒక్కో పక్కకు మూడు నిమిషాలే పట్టే పాత గ్రామఫోను రికార్డుల్లో, గరగరల వెనక కూడా దాని పలుకు గుర్తుపట్టగలం.

కొత్త యంత్రాలొచ్చి పాత వాయిద్యాన్ని పక్కకు నెట్టిన కథ మనదొక్కటే కాదు. ఇంగ్లండులో 1963లో మెలోట్రాన్ అనే వాయిద్యం వచ్చింది. ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క; దాని మీద ఎవరో వాయించిన వేణువో, వయొలినో. మెట్టు నొక్కి ఉంచితే ఎనిమిది సెకన్లు పలికి ఆగిపోతుంది. బరువెక్కువ, శ్రుతి వణుకుతుంది. 1967లో బీటిల్స్ బృందం పాట ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదట్లో వినిపించే వేణునాదం దానిదే. సింథసైజర్లు వచ్చాక మూలనపడ్డా, 1997లో రేడియోహెడ్ అనే బృందం మళ్లీ వాడుకుంది. నేటి కంప్యూటర్లలోకి దాని ధ్వనిని ఎక్కించినవారు ఆ వణుకును పోనివ్వకుండా దాచారు. ఏ లోపాన్ని వదిలించుకోవాలని ఒకప్పుడు తాపత్రయపడ్డారో, అదే దాని గొంతని ఇప్పుడు తెలిసింది.

హార్మోనియం ధ్వనీ నేటి కీబోర్డుల్లో ఉంది. నటుణ్ణి చూస్తూ గాలి పెంచే చేయి అందులోకి రాదు. ఆ చేయి ఎరిగిన పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పద్యనాటక పోటీలు జరిపేవారు ఈ ఏడాది హార్మోనియానికి విడిగా ఒక మైకు పెట్టి, నాటకం మొత్తం రికార్డు చేయించాలి. ఆ పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునే ఒక పిల్లవాడికో, పిల్లకో స్టేజీ మీద చోటివ్వాలి. బహుమతుల జాబితాలో హార్మోనిస్టు పేరూ చదవాలి.