యానాం: మునిసిపాలిటీ ఉంది, కౌన్సిల్ లేదు

యానాం మునిసిపాలిటీలో పది వార్డులున్నాయి. 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. కార్యాలయం నడుస్తోంది, కమిషనర్ ఉన్నారు, పన్నులు వసూలవుతున్నాయి. కౌన్సిల్ మాత్రం లేదు. చివరిగా ఎన్నికైన కౌన్సిల్ గడువు 2011 జూలైలో తీరిపోయింది. ఆ తర్వాత ఇక్కడి ఓటర్లు 2014, 2019, 2024లో ఎంపీని ఎన్నుకున్నారు. 2016, 2021లో ఎమ్మెల్యేను ఎన్నుకున్నారు. 2021లోనైతే ముఖ్యమంత్రి అభ్యర్థి ఎన్.రంగసామిని స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ చేతిలో 655 ఓట్ల తేడాతో ఓడించి దేశమంతా తమవైపు చూసేలా చేశారు. అంతటి తీర్పు ఇచ్చిన ఊరికి తన వార్డు కౌన్సిలర్‌ను ఎన్నుకునే అవకాశం మాత్రం రాలేదు.

కాకినాడ, కోనసీమ జిల్లాల మధ్య ఉన్న ఈ తెలుగు పట్టణం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అసలు స్థానిక పాలన అవసరం ఎక్కువగా ఉండాల్సింది ఇలాంటి చోటే.

ఫ్రెంచి కాలం నుంచి

ఇక్కడ మునిసిపల్ ఎన్నికలు కొత్తేమీ కాదు. ఫ్రెంచి ప్రభుత్వం 1880లో జారీచేసిన డిక్రీతో భారత్‌లోని తన స్థావరాల్లో మునిసిపాలిటీలు (కమ్యూన్లు) ఏర్పడ్డాయి. యానాం వాటిలో ఒకటి. ఆ వ్యవస్థను ఆదర్శమని చెప్పలేం. ఓటు పురుషులకే ఉండేది. యూరోపియన్లకు, స్థానికులకు వేర్వేరు జాబితాలుండేవి. ఫ్రెంచి ఇండియాలో దొంగ ఓట్లు, పోలింగ్ రోజు దౌర్జన్యాలు మామూలే. అయినా ఊరికి ఎన్నికైన మండలి ఉండాలన్న ఆలోచన అప్పుడే స్థిరపడింది.

ఆ మండళ్లకు ఎంత విలువ ఉండేదో 1954లో తేలింది. ఆ ఏడాది జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో విలీనంపై ఓటింగ్ జరిగింది. అందులో ఓటు వేసినవారు సామాన్య ఓటర్లు కారు. అసెంబ్లీ ప్రతినిధులు, మునిసిపల్ కౌన్సిలర్లు కలిసి 178 మంది పాల్గొన్నారు. 170 మంది భారత్‌లో విలీనం కావాలన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. ఏ దేశంలో ఉండాలన్న ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు అప్పట్లో మునిసిపల్ కౌన్సిలర్లకు ఉంది.

విలీనం తర్వాత పరిస్థితి మారింది. 1968లో మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. 1973లో ఫ్రెంచి డిక్రీల స్థానంలో పుదుచ్చేరి మునిసిపాలిటీల చట్టం వచ్చింది. చట్టమైతే వచ్చింది గానీ ఎన్నికలు రాలేదు. మళ్లీ పోలింగ్ జరగడానికి 38 ఏళ్లు పట్టింది. కోర్టు ఆదేశాల తర్వాత 2006లో ఆ ఎన్నికలు జరిగాయి. 1948లో పుట్టిన మనిషికి 1968లో ఓటు వయసు, అంటే 21 ఏళ్లు, నిండలేదు. అతడు తన మొదటి మునిసిపల్ ఓటు వేసేసరికి 58 ఏళ్లు వచ్చాయి. 2006 నాటికి 18 నిండనివారికి ఆ అవకాశం ఇంకా రాలేదు.

రాజ్యాంగం ఏం చెబుతోంది

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 243యు అధికరణ ప్రకారం మునిసిపాలిటీ గడువు ఐదేళ్లే. అది ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తి కావాలి. 243జడ్‌బీ అధికరణ ఈ భాగాన్ని కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తింపజేస్తుంది. గడువు దాటించడానికి సాకులు చెల్లవని 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. యానాం ప్రజలు ఓటు వేసింది కూడా ఆ ఏడాదే.

అయినా 2011 తర్వాత ఒకదాని వెనక ఒకటిగా అడ్డంకులు వచ్చాయి. వార్డుల పునర్విభజన పూర్తిచేసి ఎన్నికలు పెట్టాలని 2018 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నియామకంపై నారాయణసామి ప్రభుత్వానికి, లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేదీకి పేచీ వచ్చింది. ప్రభుత్వం నియమించిన రిటైర్డ్ ఐఏఎస్ అధికారి నియామకాన్ని ఆమె రద్దు చేశారు. కొత్త కమిషనర్ వచ్చాక 2021 సెప్టెంబర్ 22న షెడ్యూల్ వెలువడింది. అక్టోబర్ 21, 25, 28 తేదీల్లో మూడు విడతల పోలింగ్ అన్నారు. వార్డుల రిజర్వేషన్లపై కేసు పడటంతో దాన్ని ఉపసంహరించుకున్నారు. నవంబర్ 2, 7, 13 తేదీలతో మరో షెడ్యూల్ ఇచ్చారు. అందులో బీసీ రిజర్వేషన్ తీసేయడంతో ప్రతిపక్షాలు మళ్లీ హైకోర్టుకెళ్లాయి. అది కూడా ఆగిపోయింది.

వీటిలో ఏ ఒక్క అభ్యంతరాన్నీ పనికిమాలినదని కొట్టిపారేయలేం. బీసీలకు వాటా కావాలనడం న్యాయమే. స్థానిక ఎన్నికల్లో ఆ వాటా ఇవ్వాలంటే ప్రత్యేక కమిషన్, స్థానిక సంస్థల వారీగా లెక్కలు, మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకపోవడం అనే మూడు షరతులు పాటించాలని సుప్రీంకోర్టే చెప్పింది. అయితే మధ్యప్రదేశ్‌కు సంబంధించిన సురేష్ మహాజన్ కేసులో 2022 మే 10న అదే కోర్టు దారి కూడా చూపింది. ఆ కసరత్తు పూర్తికాలేదని ఎన్నిక ఆపకూడదని, ఎస్సీ, ఎస్టీ స్థానాలు మినహా మిగిలినవాటిని జనరల్‌గా ప్రకటించి ముందుకెళ్లాలని చెప్పింది. ఇది అన్ని రాష్ట్రాలకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తుందని కూడా పేర్కొంది. బీసీలకు టిక్కెట్లు ఇవ్వడానికి పార్టీలకు అప్పుడూ అడ్డేమీ లేదు.

ఎవరికి నష్టం, ఎవరికి లాభం

జాప్యం ఒక్క పుదుచ్చేరి జబ్బే కాదు. రాజమహేంద్రవరం కార్పొరేషన్ గడువు 2019లో ముగిసినా, 2021 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పట్టణ ఎన్నికల్లో అక్కడ పోలింగ్ జరగలేదు. గోదావరి అవతల ముమ్మిడివరం నగర పంచాయతీ మాత్రం ఆ నెలలోనే తన పాలకవర్గాన్ని ఎన్నుకుంది.

రాష్ట్రాలకు ఒక ఒత్తిడి ఉంది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగుతాయి. తెలంగాణలో పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిశాక ఈ నిధుల మీదే పెద్ద చర్చ జరిగింది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి ఆర్థిక సంఘం పరిధిలోకే రాదు. తమను చేర్చాలని అక్కడి ప్రభుత్వాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. ఎన్నిక పెట్టకపోతే డబ్బు పోతుందన్న భయం లేనప్పుడు తొందర కూడా ఉండదు.

2011 నుంచి కాంగ్రెస్, ఎన్ఆర్ కాంగ్రెస్ రెండూ అధికారంలో ఉన్నాయి. ఎన్నిక వాయిదా పడటం వల్ల ఇద్దరికీ ఇబ్బంది రాలేదు. పుదుచ్చేరిలో మునిసిపల్ చైర్మన్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. యానాంలో ఒకే అసెంబ్లీ స్థానం ఉంది. అంటే చైర్మన్‌కూ ఎమ్మెల్యేకూ దాదాపు ఒకే ఓటర్లు. ఊరంతా ఓటేసి గెలిపించిన మరో నాయకుడు ఉండాలని ఏ ఎమ్మెల్యే అయినా ఎందుకు కోరుకుంటారు?

నష్టం మాత్రం వార్డుల్లో కనిపిస్తుంది. 2022 జూలైలో గోదావరి వరద పట్టణాన్ని ముంచెత్తినప్పుడు పది వార్డుల్లో ఏ ఒక్కదానికీ ఎన్నికైన ప్రతినిధి లేరు. కాలువ పూడితే, వీధి దీపం వెలగకపోతే జనం వెళ్లాల్సింది అధికారుల దగ్గరికి లేదా ఎమ్మెల్యే దగ్గరికి. బదిలీ మీద వచ్చే అధికారి ఎంత మంచివాడైనా అతణ్ని ఓటుతో మార్చే వీలు లేదు. మునిసిపల్ బడ్జెట్ మీద కౌన్సిల్ హాలులో నిలబడి ప్రశ్నించే మనిషి లేడు.

చట్టం ఉంది, వార్డులున్నాయి, 2022 నాటి సుప్రీంకోర్టు మాట ఉంది. ఇక కావలసింది పోలింగ్ తేదీ. యానాంలో ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీనీ ఆ తేదీ ఎప్పుడని అక్కడి ఓటర్లు నిలదీయాలి.