ఇనుప ఖనిజానికి లేని పొలిమేర

మన పల్లెల్లో పొలిమేర కాయడానికి పోలేరమ్మ ఉండేది. రోగాలను ఊరి బయటే ఆపుతుందని నమ్మకం. అవి ఆవిడ అనుమతి ఎప్పుడూ అడగలేదు. రాయ్‌పూర్‌లో చదువుకున్నవాళ్ళ మాటలు వింటుంటే, ఇప్పుడు పటం మీది గీతకు కూడా కొబ్బరికాయ కొడుతున్నారనిపిస్తుంది.

సంప్రదాయవాది సంగతి సరే. దేశం తల్లి, సరిహద్దు పవిత్రం అంటాడు. నమ్మకంతో వాదనేముంది? నా తగువు లిబర్టేరియన్లతో. పన్నులు దోపిడీ, సర్కారు పక్కకు తప్పుకోవాలి, మనిషి శ్రమ మనిషిదే అంటారు. ఆ మనిషే గీత దాటితే మాత్రం సర్కారు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది! పిలవకుండా వచ్చిన వలసదారుడు ఇంట్లో జొరబడ్డవాడితో సమానమని హాన్స్ హెర్మన్ హోప్పే వాదన. దేశమంతా ఒక ఇల్లయితే ఇంటి యజమాని ఎవరండీ? వీళ్ళు తిట్టే ఆ సర్కారే కదా!

అమెరికా దాకా ఎందుకు? 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు తగలబడ్డాయి. అటు జుడుం, ఇటు మావోయిస్టుల మధ్య నలిగి వేలమంది ఆదివాసులు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళనే గుత్తికోయలంటున్నాం. దాటింది దేశం సరిహద్దు కాదు, రాష్ట్రానిది. దేశంలో ఎక్కడైనా తిరగొచ్చు, ఉండొచ్చు అని రాజ్యాంగం 19వ అధికరణం చెబుతుంది. కానీ షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రానికొకటి. గీత ఇవతలికి రాగానే గిరిజనుడు గిరిజనుడు కాకుండా పోతాడు. ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్ళిన మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన సూత్రమే ఇది. ఇక అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉంటేనే పట్టా అంటుంది.

సంక్షేమ రాజ్యం ఉండగా స్వేచ్ఛా వలస కుదరదన్నాడు మిల్టన్ ఫ్రీడ్‌మన్. ఇక్కడ జరిగింది తలకిందులు. వీళ్ళు గీత దాటి ఉన్న హక్కు పోగొట్టుకున్నారు. అయినా వచ్చారు, మిరప కోతలకు కూలికి పోయి బతుకుతున్నారు. ప్రాణభయానికీ రేషన్ బియ్యానికీ తేడా తెలియని సిద్ధాంతం ఎందుకు?

అదే దంతెవాడ నుంచి బైలాడిల్లా ఇనుప ఖనిజం రైలెక్కి విశాఖ చేరుతుంది. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల మధ్య పన్ను చెక్‌పోస్టులు ఎత్తేస్తే వీళ్ళు చప్పట్లు కొట్టారు. సరుకుకు పొలిమేర లేదు, మనిషికి ఉంది!

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఫారెస్టు రేంజర్ హత్యకు గురయ్యాడు. నిందితులు గుత్తికోయలు. హంతకులకు శిక్ష పడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ బెండాలపాడు గ్రామసభ గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపెయ్యాలని తీర్మానించింది. ఇద్దరు నేరం చేస్తే తెగ మొత్తానికి శిక్షా? భూమి చాలదన్న స్థానిక కోయల భయం నిజమైనదే, కాకపోతే అది భూమి తగాదా. దాన్ని భూమి దగ్గరే తేల్చాలి.

రైల్వే పనుల కోసం, వ్యాపారాల కోసం రాయ్‌పూర్ వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం మనం. మనల్ని జొరబడ్డవాళ్ళని హోప్పే శిష్యులు ఎందుకు అనరో కాస్త చెబుతారా?